చెక్కు చెదరకుండా

జైలు గేటు దగ్గర సోదా మేడం చిప్స్ సంచిని బల్లమీద పడుకోబెట్టి, రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి అదిమింది. లోపల చిప్స్ పటపటమని విరిగాయి. సంచిని తిరగేసి మళ్ళీ అదిమింది. ఈసారి చప్పుడు కూడా సరిగా రాలేదు. తర్వాత సంచిని ఒకసారి ఎగరేసి పట్టుకుని, "ఊఁ, నడు," అంది.

దుంపలామె కదల్లేదు.

మార్కెట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. దుంపలు తప్ప ఇంకేమీ అమ్మదు కాబట్టి ఆ పేరు. కొడుకు జైల్లో పడ్డ దగ్గర్నుంచి ములాఖత్ ఉన్న ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఈ గేటు దగ్గరికి వస్తోంది. తడి వంటలు లోపలికి పోనివ్వరు. ఎండు సరుకు, అదీ పారదర్శకంగా ఉండే సంచిలో ఉంటేనే పోనిస్తారు. అందుకని రాత్రి వేయించిన దుంపల చిప్స్ తెస్తుంది. తెచ్చిన ప్రతిసారీ ఈవిడ ఇలాగే తుక్కు చేస్తుంది.

"వెలుతురుకు పెట్టి చూడండి అన్నాను కదండీ," అంది దుంపలామె. "అవతల మనిషి కనపడేంత పలచగా కోశాను. ఇంత బిళ్ళలో నేనేం దాచగలను?"

"సూది దాచొచ్చు."

"సూది ఉంటే కనపడదా మేడం? కళ్ళజోడు పెట్టుకున్నారుగా!"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సోదా మేడం మొహం ముడుచుకుంది. "ఏమ్మా, వాదించడానికొచ్చావా, కొడుకుని చూడ్డానికొచ్చావా? వెనక జనం ఉన్నారు."

వెనక నిలబడ్డ ముసలావిడ దుంపలామె కొంగు పట్టుకుని లాగింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? లోపల తినేవాళ్ళే ఏమీ అనట్లేదు. పోనివ్వు."

దుంపలామె పోనిచ్చేదే. సంచి అందుకుంది కూడా. అందుకున్నాక అది చేతిలో పట్టు లేకుండా, రంపపుపొట్టు సంచిలా, వాలిపోయింది. ఎర్రటి బీట్‌రూట్, పసుపుపచ్చ చిలగడదుంప, తెల్లటి చేమదుంప, అన్నీ కలిసిపోయి ఏ రంగూ కాకుండా పోయాయి. సరిగ్గా అప్పుడే లోపలి ఆవరణలో జైలు పెద్దసారు కనిపించాడు. ఆయన వెంట తెల్లచొక్కాలు వేసుకున్న ఇద్దరు, పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు, ఉన్నారు. దుంపలామె ఆలోచించలేదు. కడ్డీల దగ్గరికి పరుగెత్తి, సంచి పైకెత్తి పట్టుకుని, మార్కెట్లో గిరాకీని పిలిచే గొంతుతో అరిచింది.

"సార్! అయ్యా! మనుషులు తినేదాన్ని ఇలా చేస్తారా సార్?"

తెల్లచొక్కాలు ఆగాయి. అవి ఆగాయి కాబట్టి పెద్దసారూ ఆగాడు. ఆయన వచ్చి సంచిని చూశాడు, ఆమెను చూశాడు, పక్కన ఉన్న ఇద్దరి మొహాలు చూశాడు. సోదా మేడాన్ని పిలిచి, అందరూ వినేలా, "తినే వస్తువులు పాడుచెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? చూసి పంపించండి. నలపడం ఏంటి?" అన్నాడు.

సోదా మేడం చేతులు కట్టుకుని తల వంచి నిలబడింది. దుంపలామె ఆ వంచిన తలను తనివితీరా చూసింది. ఈ గొడవలో ములాఖత్ వేళ దాటిపోయింది. సంచి ఒక్కటే లోపలికి వెళ్ళింది, కొడుకుని చూడలేదు. అయినా బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆమె వెన్ను నిటారుగానే ఉంది.

గురువారం మార్కెట్లో ఎండ తగ్గకముందే పట్టా చుట్టేసింది. మంచివి గంపలో అడుగున దాచుకుంది. వంకరలు తిరగని చిలగడదుంపలు, పిడికిలంత బీట్‌రూట్లు, వేళ్ళు ఊడదీసిన చేమదుంపలు, లోపల గుల్లలేని కందముక్క. మామూలుగా ఆమె ఇంటికి తీసుకెళ్ళేవి గిరాకీ వద్దని పక్కన పడేసినవే.

పక్కన ఉల్లిపాయలమ్మే ఆయన, "ఏంటి, బంగారమంతా ఇంటికే పట్టుకుపోతున్నావు?" అన్నాడు.

"నీ దుంప తెగ! నా గంపలో కళ్ళు పెట్టకపోతే నీకు పొద్దు గడవదా?" అని నవ్వింది.

ఆమె నవ్వి చాలా రోజులైంది. ఆయన చేతిలో ఉల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది.

ఇల్లంటే ఒకటే గది. కిటికీ కింద పొయ్యి, గోడవారన మంచం, మంచం కింద దుంపల గంపలు. ఆమె నేలమీద పాత దుప్పటి పరిచింది. మధ్యలో బ్లేడు బిగించిన చెక్కపీటను బకెట్ అంచుమీద అడ్డంగా పెట్టుకుంది. చిలగడదుంప చెక్కు తీసి, దాన్ని అరచేతి కిందకి తెచ్చి, ఒకే ఊపులో పీటమీద లాగింది. బిళ్ళ నీళ్ళలోకి జారింది. ఆ వెనకే మరొకటి. నీళ్ళలో పడకపోతే చిలగడదుంప నల్లబడుతుంది. చేమదుంప అలా కాదు. దానికి తడి తగిలితే జిగురొచ్చి పీటమీద నిలవదు, చేతుల్ని దురదతో చంపుతుంది. అందుకని చేతులకు నూనె రాసుకుని పొడిగానే కోసింది. బీట్‌రూట్ బిళ్ళలకు ఉప్పు రాసి పక్కన పెట్టింది. అవి ఎర్రటి నీరు కక్కాక ఒక్కొక్కటే దుప్పటిమీద పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి మెల్లగా అద్దింది. చెక్కు తీస్తున్నప్పుడు గానీ, కోస్తున్నప్పుడు గానీ ఆమె పీటవైపు చూడదు. అంతా వేళ్ళే చూసుకుంటాయి.

కోడలు బట్టలు కుట్టే కొట్టునుంచి వచ్చేసరికి నూనె కాగుతోంది. జుట్టులో దారపు పోగులు అలాగే ఉండగా, మొహం కడుక్కుని పొయ్యి దగ్గర నిలబడింది. వేయించడం ఎప్పుడూ కోడలి పనే. రంగు నూనెకి పడుతుంది కాబట్టి తెల్లవి ముందు, బీట్‌రూట్ చివర.

"పెద్దసారే చెప్పాడు," అంది దుంపలామె. మంగళవారం నుంచి ఇది ఎన్నోసారో. "అందరి ముందూ చెప్పాడు. ఆవిడ మొహం చూడాలి నువ్వు, కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు."

కోడలు గరిటెతో బిళ్ళల్ని విడదీస్తూ, "ఎందుకత్తయ్యా ఆవిడతో పెట్టుకోవడం? నలిపితే నలపనివ్వండి. కడుపులోకి వెళ్ళాక అన్నీ పొడే కదా," అంది.

"అలాగైతే నువ్వు కుట్టే బట్టలూ ఎప్పటికైనా చిరిగేవే. మానెయ్ కుట్టడం."

కోడలు బీట్‌రూట్ బిళ్ళలు నూనెలో వదిలింది.

"వాడు దొంగతనం చేశాడని అంటున్నారు, అననీ. గోడౌన్ తాళం విరగలేదు కాబట్టి తాళంచెవి ఉన్న కాపలావాడే దొంగట. పడ్డాం. వాయిదాల మీద వాయిదాలు వేస్తున్నారు, పడుతున్నాం. కానీ నా బిడ్డ తినేదాన్ని కూడా చేత్తో అదిమి, కుక్కలకు వేసినట్టు... నీ మొగుడే కదే వాడు? నీకు ఆ మాత్రం కోపం రాదా?"

కోడలు ఇటు తిరిగింది. ఏదో చెప్పబోయింది. అప్పుడే నూనెలో చప్పుడు తగ్గింది. బీట్‌రూట్‌ది మోసపు రంగు, వేగిందో మాడిందో పైకి చెప్పదు. నురగ పోయి చప్పుడు ఆగేలోగా తియ్యకపోతే చేదెక్కిపోతుంది. "మాడిపోతాయి!" అంది అత్తగారు. కోడలు గబుక్కున తిరిగి చిల్లుల గరిటెతో తీసి వెదురు చాటలో పోసింది. చెప్పబోయిన మాట అక్కడితో ఆగిపోయింది.

వేడిమీదే ఉప్పు చల్లి, పూర్తిగా ఆరాక, దుంపలామె సంచి నింపడానికి కూర్చుంది. అంచు విరిగినవి, మడత పడ్డవి తీసి పళ్ళెంలో పడేసింది. అవి తమకి. నిండుగా, గుండ్రంగా ఉన్నవి ఒకదానిమీద ఒకటి పేర్చి సంచిలో దించింది. చివరికి సంచి ఊది మూతి కట్టింది, లోపలి గాలి వల్ల ఒకదాన్నొకటి కొట్టుకోకుండా. మర్నాడు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. పక్క సీటాయన చంటిపిల్ల అనుకుని ఒకసారి తొంగిచూశాడు.

సోదా మేడం ఆమె మొహంకేసి చూడలేదు. సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు పెట్టింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. బల్లమీద పెట్టింది.

"నాకు మెమో ఇచ్చారు," అంది మెల్లగా. "ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిది."

దుంపలామె సంచి అందుకుంది. తగిన శాస్తి అనుకుంది.

ములాఖత్ గదిలో రెండు జాలీలు ఉంటాయి, వాటి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఇటు ఇరవైమంది, అటు ఇరవైమంది, ఎవరి మాట వాళ్ళకి వినపడాలని అందరూ అరుస్తుంటారు. కొడుకు వచ్చి నిలబడ్డాడు. చొక్కా భుజాలమీంచి జారుతోంది. పక్క కిటికీలోంచి లోపలి సిపాయి అతనికి సంచి అందించాడు. అతను దాన్ని అలవాటుగా చంకలో పెట్టుకోబోయి, చేతికి తగిలిన ఆకారం చూసి ఆగిపోయాడు.

"చూశావా?" అంది తల్లి, జాలీకి మొహం ఆనించి. "చెక్కు చెదరకుండా తెచ్చాను. ఒక్కటంటే ఒక్కటి విరగలేదు."

"ఆవిడ నలపలేదా?"

"నలపనిస్తానా? పెద్దసారుతో చెప్పి గడ్డి పెట్టించాను. ఇంక నీ తిండి జోలికి రమ్మను చూద్దాం."

కొడుకు సంచివైపు చూస్తూ ఉండిపోయాడు. "ఎందుకమ్మా చెప్పావు?" అన్నాడు. ఆ గోలలో ఆ మాట ఆమెకు వినిపించలేదు, పెదాలు కదిలిన తీరును బట్టి తెలిసింది.

"ఏమైందిరా?"

అతను వెనక్కి తిరిగి చూసి, మొహం జాలీకి దగ్గరగా తెచ్చాడు. "మా బ్యారక్‌లో ఒకడున్నాడు. పెద్దన్న అంటారు. ఇక్కడ బాగున్నదేదీ మాది కాదమ్మా. సబ్బు వస్తే వాడిది, చొక్కా వస్తే వాడిది. తినేదేదొచ్చినా ముందు వాడి మంచం దగ్గర పెట్టాలి. నువ్వు పంపే ఆ పొడి ఒక్కటే చీ అనేవాడు. గేటు దగ్గర అందరి చేతులూ పడ్డ తుక్కు నేను తింటానా అని నా మొహాన కొట్టేవాడు. నేను పొద్దున జావలో కలుపుకునేవాణ్ణి. దాచుకుని రోజుకి గుప్పెడు చొప్పున." అతను గుటక వేశాడు. "ఎంత బాగుండేదో తెలుసా."

"మరి ఇది?"

"ఇది వాడికి."

"నాకు ఇచ్చెయ్ వెనక్కి."

"లోపలికొచ్చింది బయటికి పోదమ్మా."

"అయితే ఇక్కడే నలిపెయ్. నా ఎదురుగా నలిపెయ్ రా!"

"చూస్తున్నాడు," అన్నాడు కొడుకు తల తిప్పకుండా. అతని వెనక, తలుపు దగ్గర, ఒక బక్కపలచటి మనిషి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఎవరో రాక్షసుణ్ణి ఊహించుకుంది. ఆ మనిషి మొహం బియ్యం కొట్టు గుమాస్తా మొహంలా ఉంది. చూపు మాత్రం సంచి మీదనుంచి కదలడం లేదు.

"ఒక్కటి తినరా," అంది తల్లి. "ఒక్కటి. నేను చూస్తుండగా."

అతను మూతి విప్పి, వేళ్ళు లోపలికి పెట్టి, ఒక బీట్‌రూట్ బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలేటప్పుడు పెదవులు తెరుచుకున్నాయి. పక్కపన్ను ఉండాల్సిన చోట నల్లగా ఖాళీ కనపడింది. ఆమె చూసిందని తెలిసి వెంటనే నోరు మూసుకుని, మూసిన నోటితోనే నమిలాడు. గంట మోగింది.

ఆ సాయంత్రం కోడలు వచ్చేసరికి దీపం వెయ్యలేదు. దుంపలామె మంచం పట్టెమీద కూర్చుని ఉంది.

"నీకు తెలుసా?" అంది.

కోడలు చెప్పులు విప్పుతూ ఆగింది. ఏది అని అడగలేదు. "మీకు చెప్పొద్దన్నారు ఆయన."

"పన్ను?"

"మొదట్లో మీరు కొత్త తువ్వాలు పట్టుకెళ్ళారు చూడండి. 'మా అమ్మ తెచ్చింది, ఇవ్వను' అన్నారట ఆ పెద్దన్నతో. అప్పుడు పోయింది."

పళ్ళెంలో ఏరి పక్కన పడేసిన విరిగిన చిప్స్ అలాగే ఉన్నాయి, ఇద్దరూ ముట్టుకోలేదు. దుంపలామె కోడలిని తిట్టాలనుకుంది. నిన్న పొయ్యి దగ్గరే చెప్పి ఉండాల్సిందనీ, కట్టుకున్నదానివి నోరు కుట్టేసుకున్నావెందుకనీ అనాలనుకుంది. మాటలు గొంతుదాకా వచ్చాయి. పొయ్యి దగ్గర చెప్పనివ్వనిదెవరో గుర్తొచ్చి ఆగిపోయింది.

సోమవారం మళ్ళీ పీట తీసింది. ఈసారి పలచగా కొయ్యకూడదనుకుంది. ఒక పక్క మందంగా, ఒక పక్క చివికినట్టు, చూడగానే రోత పుట్టేలా కొయ్యాలనుకుంది. చిలగడదుంపను అడ్డదిడ్డంగా పట్టుకుని లాగింది. వేళ్ళు మాట వినలేదు. రెండు ముక్కలు వంకరగా పడ్డాయి. మూడోదానికి చెయ్యి తన దారిన తాను సర్దుకుంది, బిళ్ళలు ఒకేలా, గుండ్రంగా నీళ్ళలోకి జారిపోతూనే ఉన్నాయి.

"పోనీ మాడ్చెయ్యవే," అంది.

"మాడిస్తే తినాల్సింది ఆయనే కదత్తయ్యా."

వేగినవి చల్లారాక, దుంపలామె సంచిలో పోసి, నేలమీద పెట్టి, అరచెయ్యి ఆనించింది. కోడలు గబుక్కున మణికట్టు పట్టుకుంది.

"పొడులు లోపలికి పోనివ్వరు. గేటు పక్క బోర్డులో మొదటి లైనే అది. ఏం కలిపారో ఎవరికి తెలుసంటారు."

"ఇన్నాళ్ళూ ఆవిడ పొడి చేసేగా పంపింది!"

"ఆవిడ చేస్తే సోదా. మనం చేస్తే నేరం."

దుంపలామె చెయ్యి తీసేసింది. ఏరకుండా, పేర్చకుండా, ఉన్నవి ఉన్నట్టు మూతి కట్టింది.

మంగళవారం వరస చిన్నదిగానే ఉంది. ఆమె వెనక, ముస్తాబుగా తల దువ్వుకున్న ఒక కొత్తామె నిలబడింది. సంచిలో ఏదో పెట్టుకుని రెండు చేతులతో కింద పట్టుకుని ఉంది. వంతు వచ్చాక దుంపలామె చిప్స్ సంచిని బల్లమీద పెట్టింది. సోదా మేడం రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి, దించి, "నడు," అంది.

"అదమండి మేడం."

"ఏంటి?"

"ఎప్పటిలాగే. నలపండి."

సోదా మేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. "వెటకారమా?"

"కాదండీ."

"నేను చెయ్యి వెయ్యను. మళ్ళీ పెద్దసారు ముందు ఏడవడానికా? పట్టుకెళ్ళు."

దుంపలామెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఎందుకో చెబితే పేరు చెప్పాలి. పేరు చెబితే ఆ మాట ఈ గేటు దాటి లోపలికి ఎంతసేపట్లో చేరుతుంది, చేరాక కొడుక్కి ఏమవుతుంది? మొన్న నోరు తెరిస్తే ఏమైందో చూసింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"వాడికి అలాగే ఇష్టం మేడం," అంది చివరికి. "అలాగైతేనే... వాడు తింటాడు."

సోదా మేడం బల్లమీది పెన్ను తీసి పక్కన పెట్టింది. తర్వాత, కసురుకున్నట్టే, సంచిని దుంపలామెవైపు తోసింది.

"అయితే నువ్వే చేసుకో. నేను చూస్తుండగా చెయ్. నా చెయ్యి మాత్రం పడదు."

దుంపలామె సంచిని పడుకోబెట్టి, రెండు అరచేతులూ ఆనించింది. చేతుల కింద చిలగడదుంప బిళ్ళలు, కంద ముక్కలు ఏవి ఏవో తెలుస్తూనే ఉన్నాయి. ఒంటి బరువు వేసింది. పటపటమని విరిగాయి. తిరగేసి మళ్ళీ అదిమింది. మూలల్లో మిగిలిన వాటిని వేళ్ళతో వెతికి వెతికి చిదిమింది.

"చాలు," అంది సోదా మేడం. "అంత మెత్తగా వద్దు. మరీ పొడైతే లోపలి గేటు దగ్గర పారబోస్తారు. ఇలా నూకలా ఉండాలి."

దుంపలామె తలెత్తి చూసింది. ఆవిడ అప్పటికే రిజిస్టర్‌లోకి తల దించేసింది.

వెనకనుంచి కొత్తామె ఉండబట్టలేక ముందుకు వంగింది. "అయ్యో, మీరే నలిపేస్తున్నారేంటండీ! ఎంత చక్కగా చేసుకొచ్చారు!"

దుంపలామె ఆవిడ చేతుల్లోకి చూసింది. సంచిలో ఇంట్లో చేసిన బిస్కెట్లు, అన్నీ ఒకే కొలతలో, వరసలు వరసలుగా, మధ్య మధ్య కాగితం వేసి పేర్చి ఉన్నాయి.

"ఎవరికమ్మా?"

"మా తమ్ముడికి. మొన్ననే తీసుకొచ్చారు. ఇదే మొదటిసారి రావడం." కొత్తామె సంచి అడుగున చెయ్యి సర్దుకుంది. "బస్సంతా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాను."

దుంపలామె తన నూనె చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. సంచి అందుకుంది. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చింది.

"నలిపెయ్యమ్మా," అంది, ఎవరికీ వినపడనంత మెల్లగా. "నా మాట విను. నలిపెయ్."

కొత్తామె ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. బిస్కెట్ల సంచిని గుండెలకు హత్తుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.